లాటిన్, గ్రీకు ఇంట్లోనే నేర్చుకోవాలంటే ఏ పుస్తకం ఎవరికి పనికొస్తుంది?

ఇంట్లో కూర్చుని లాటినో, ప్రాచీన గ్రీకో నేర్చుకోవాలనుకునేవారికి పుస్తకాల కొరత లేదు. ఉన్న కొరతల్లా తప్పు దిద్దేవారిదే. ఈ భాషల పాఠ్యపుస్తకాల్లో చాలావాటిని తరగతి గదిని దృష్టిలో పెట్టుకుని రాశారు. అభ్యాసాలు విద్యార్థి పుస్తకంలో ఉంటాయి, జవాబులు అధ్యాపకుల దగ్గర ఉంటాయి. అందుకని ఏ పుస్తకం చేతికి వచ్చినా ముందు చివరి పేజీలు తిరగేయండి. జవాబులు అందులోనే ఉన్నాయా, విడిగా అమ్ముతారా, లేక విద్యార్థులకు అసలు ఇవ్వరా? బొమ్మలు, కాగితం, పేరుప్రఖ్యాతులు అన్నీ ఆ తర్వాతే. ఇక్కడ నేను చెప్పే ఇష్టాయిష్టాలకు చాలావరకు ఇదే కొలబద్ద.

ముందు చదవదలచినదేమిటో తేల్చుకోండి

మొక్కల శాస్త్రీయ నామాలు అర్థమైతే చాలనుకునేవారికి పూర్తి లాటిన్ కోర్సు దండగ. విలియమ్ స్టెర్న్ 1966లో వెలువరించిన ‘బొటానికల్ లాటిన్’ దగ్గర పెట్టుకుంటే పని జరిగిపోతుంది. న్యాయశాస్త్ర విద్యార్థులకు ఎదురయ్యే లాటిన్ మాటలకు ఒక మంచి పదకోశం సరిపోతుంది. సిసిరో ఉపన్యాసాలో, వర్జిల్ కావ్యమో, ప్లేటో సంభాషణలో, హోమరో, కొత్త నిబంధనో మూలంలో చదవాలన్న పట్టుదల ఉన్నవారి కోసమే ఈ పోలికంతా.

ఏ భాష ముందు అన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు లాటిన్. లిపి మనకు ఇంగ్లీషు ద్వారా తెలిసిందే, క్రియారూపాలు గ్రీకుతో పోలిస్తే తక్కువ, సులభమైన పఠన సామగ్రి ఎక్కువ. మీ మనసు ప్లేటో మీదో, యోహాను సువార్త మీదో ఉంటే మాత్రం లాటిన్ మెట్టు ఎక్కి రావలసిన పని లేదు, నేరుగా గ్రీకులోకి దిగవచ్చు. రెండూ ఒకేసారి మొదలుపెట్టడం మాత్రం వద్దు. ఒక భాషలో మొదటి పుస్తకం పూర్తయ్యాకే రెండోది తెరవండి. రెండింటినీ కలిపి లాగాలనుకున్నప్పుడు మూడో నెలకల్లా అటకెక్కేది సాధారణంగా గ్రీకే.

తెలుగువారికి కలిసొచ్చేవి

దొరికే మంచి పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి ఇబ్బందులను ఊహించి రాసినవి. మన ఇబ్బందులు వేరు, మన సౌలభ్యాలూ వేరు. ఇది గమనిస్తే కొన్ని పుస్తకాల్లో పదుల పేజీలు గబగబా దాటేయవచ్చు, కొన్ని సాధనాలు అసలు కొననక్కరలేదు.

మొదటిది వాక్యక్రమం. ‘సెర్వుస్ పుఎల్లమ్ విదెత్’ అన్న లాటిన్ వాక్యాన్ని ‘సేవకుడు అమ్మాయిని చూస్తాడు’ అని ఏ మాట తర్వాత ఆ మాట పెట్టుకుంటూ తెలుగులోకి దించవచ్చు. కర్త, కర్మ, చివర క్రియ, అమ్మాయి వెనక ‘ని’ ఉన్నట్టే అక్కడ ‘మ్’. ఇంగ్లీషువారికి ఇదే వాక్యం పొడుపుకథ. ముందు క్రియ ఎక్కడుందో వెతకండి, తర్వాత కర్తను పట్టుకోండి అని పాత పుస్తకాలు బోధించేది అందుకే. ఆ సలహా మనకు వద్దు. ఎడమ నుంచి కుడికి, వచ్చిన మాటను వచ్చినట్టు చదువుకుంటూ పోండి. అభ్యాసాల అనువాదం కూడా తెలుగులోనే రాయండి. ఇంగ్లీషు జవాబుతో అర్థం సరిచూసుకుంటే చాలు. సంబంధ వాక్యాలు వచ్చినప్పుడు ఈ సుఖం తగ్గుతుంది. మనం ‘వచ్చిన మనిషి’ అని విశేషణంగా ముందు పెట్టేదాన్ని లాటిన్, గ్రీకు రెండూ ‘ఎవడు వచ్చాడో ఆ మనిషి’ తరహాలో చెబుతాయి. సంస్కృతంలో యః, సః చదివినవారికి అదీ కొత్త కాదు.

రెండోది అచ్చుల నిడివి. లాటిన్‌లో ‘ఇతలియ’ కర్త, ‘ఇన్ ఇతలియా’ అంటే ఇటలీలో. తేడా అంతా చివరి దీర్ఘంలోనే ఉంది. మంచి పుస్తకాలు ఆ దీర్ఘం మీద అడ్డగీత వేసి చూపిస్తాయి. ఇంగ్లీషు పాఠకులు ఆ గీతను పట్టించుకోకుండా చదివేస్తుంటారు. మన చెవికి మాత్రం ఎ, ఏ, ఒ, ఓ తేడాలు ఉగ్గుపాలతో వచ్చినవి. కాబట్టి దీర్ఘాలు గుర్తించని పుస్తకం ఎంత చవగ్గా దొరికినా మొదటి పుస్తకంగా తీసుకోకండి, చేతిలో ఉన్న సౌలభ్యాన్ని వదులుకున్నట్టవుతుంది. కొత్త మాటలను నోట్సులో ఒకసారి తెలుగు లిపిలో కూడా రాసుకుంటే దీర్ఘం ఎక్కడుందో ఇక మరచిపోరు.

గ్రీకులో ఫై, థీటా, ఖై అక్షరాల ప్రాచీన ఉచ్చారణ మన ఫ, థ, ఖలే. ‘ఫలం’ అన్నప్పుడు పెదవులు రెండూ కలిపి పలికే ఫ అని గుర్తుంచుకోవాలి, ‘ఫోను’లోది కాదు. ఎప్సిలాన్ మన ఎ, ఈటా మన ఏ, ఒమిక్రాన్ ఒ, ఒమెగా ఓ. ఉచ్చారణ అధ్యాయం ఒక సాయంత్రంతో సరి.

ఇంటర్మీడియెట్‌లో మార్కుల కోసం రెండో భాషగా సంస్కృతం తీసుకున్నవారు మన దగ్గర కోకొల్లలు. అందులో కాస్తయినా మిగిలి ఉంటే గ్రీకు క్రియ దగ్గర అది అక్కరకొస్తుంది. మోయడం అన్న అర్థంలో గ్రీకు ‘ఫెరో’, సంస్కృతం ‘భరామి’. భూతకాలంలో గ్రీకు ‘ఎఫెరె’, సంస్కృతం ‘అభరత్’, ముందు చేరే ఎ, అ రెండూ ఒకే ఆగమం. ‘ఫెరెతై’ అన్న రూపం పక్కన ‘భరతే’ పెట్టి చూస్తే ఆత్మనేపదం, అంటే పని ఫలితం కర్తకే చెందుతుందని చూపే క్రియారూపం, కళ్లకు కడుతుంది. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని వివరించడానికి పేజీలకు పేజీలు ఖర్చుపెడతాయి.

ఇక ఛందస్సు. దీని కోసం విడిగా పుస్తకం కొననే అక్కరలేదు. వర్జిల్ ‘ఈనిడ్’ తొలి పంక్తి ‘అర్మ విరుంక్వె కనో, త్రోయై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్’. గణాలుగా విడదీస్తే అర్మవి, రుంక్వెక, నోత్రో, యైక్వీ, ప్రీముస, బోరీస్. అంటే భ, భ, గగ, గగ, భ, గగ. కంద పద్యానికి చెప్పే అయిదు గణాల్లో రెండు ఇవే. పంక్తికి ఆరు గణాలు, మొదటి నాలుగూ భగణం గానీ గగం గానీ, అయిదోది దాదాపు ఎప్పుడూ భగణం, ఆరోది రెండక్షరాలు. చివరి అక్షరం గురువైనా లఘువైనా చెల్లుతుంది. హోమర్‌దీ ఇదే వృత్తం. సంయుక్తాక్షరం ముందు అక్షరం గురువన్న సూత్రం అక్కడా ఉంది. కాకపోతే ‘క్వ’ను లాటిన్‌లో ఒకే హల్లుగా లెక్కిస్తారు. ‘త్ర’, ‘ప్ల’ వంటివాటి ముందున్న హ్రస్వాన్ని లఘువుగా ఉంచే వీలు కూడా ఉంది. బడిలో గురులఘువులు గుర్తించి మార్కులు తెచ్చుకున్నవారెవరైనా ఈ పంక్తిని మొదటిరోజే తాళం వేసి చదవగలరు.

లాటిన్: వీలాకా, ఓర్బెర్గా?

స్వయంగా నేర్చుకునేవారి మధ్య ఎడతెగని వాదం ఇది. రెండు పుస్తకాలూ 1950లలో పుట్టినవే, దారులు మాత్రం ఉత్తర దక్షిణాలు.

‘వీలాక్స్ లాటిన్’ను ఫ్రెడెరిక్ వీలాక్ 1956లో వెలువరించాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాలేజీల్లో చేరిన మాజీ సైనికులకు చెప్పిన పాఠాల నుంచి పెరిగిన పుస్తకం. నలభై అధ్యాయాలు. ప్రతి అధ్యాయంలో ముందు ఇంగ్లీషులో వ్యాకరణ వివరణ, తర్వాత రూపాల పట్టిక, పదాల జాబితా, అనువాదం చేయాల్సిన వాక్యాలు. వాక్యాల్లో చాలావరకు రోమన్ రచయితల నుంచి తీసుకుని సరళం చేసినవే కాబట్టి మొదటి వారం నుంచే సిసిరో గొంతు కాస్త వినిపిస్తుంది. పుస్తకం చివర స్వయం అభ్యాసాలు వేరుగా ఉన్నాయి, వాటి జవాబులూ అక్కడే ఉన్నాయి. నా కొలబద్ద ప్రకారం ఇది పెద్ద గుణం. 2011 నాటి ఏడో ముద్రణ ఇప్పుడు ఎక్కువగా దొరుకుతోంది.

హాన్స్ ఓర్బెర్గ్ అనే డేనిష్ ఉపాధ్యాయుడు రాసిన ‘లింగ్వా లతీనా పెర్ సే ఇలుస్త్రాతా’లో ఇంగ్లీషు మాట ఒక్కటీ ఉండదు. మొదటి భాగం పేరు ‘ఫమిలియా రోమానా’, ముప్ఫయి అయిదు అధ్యాయాలు. ‘రోమ ఇన్ ఇతలియా ఎస్త్’ అని మొదలవుతుంది. పక్కన ఒక పటం. రోమ్ ఇటలీలో ఉంది, ఇటలీ యూరప్‌లో ఉంది అని చదువుకుంటూ పోతుంటే ఎప్పుడు దీర్ఘం వస్తోందో, ఏకవచనానికి ‘ఎస్త్’, బహువచనానికి ‘సున్త్’ ఎలా మారుతున్నాయో పాఠకుడే పట్టుకుంటాడు. అర్థాలు బొమ్మల ద్వారా, మార్జిన్‌లో ఇచ్చిన లాటిన్ పర్యాయపదాల ద్వారా తెలుస్తాయి. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో జూలియస్ అనే సంపన్నుడి ఇల్లు, భార్య ఎమీలియా, ముగ్గురు పిల్లలు, బానిసలు. పిల్లల కొట్లాటలు, బడి దెబ్బలు, పారిపోయిన బానిస కథ. అధ్యాయం చివర వ్యాకరణ సారాంశం, ‘పెన్సుమ్’ పేరుతో మూడు రకాల అభ్యాసాలు ఉంటాయి.

వీలాక్ దారిలో ఎదురయ్యే ప్రమాదం నాకు తెలిసినంతలో ఒక్కటే. నలభై అధ్యాయాలూ దాటినవారు రూపాలు గడగడా అప్పజెబుతారు, ఒక పేజీ లాటిన్ చదవడానికి గంట తీసుకుంటారు. కారణం, పుస్తకంలో విడివిడి వాక్యాలు ఎక్కువ, సాఫీగా సాగే గద్యం తక్కువ. దీనికి విరుగుడుగా ఆన్ గ్రోటన్, జేమ్స్ మే కలిసి వీలాక్ అధ్యాయాల వరుసలోనే ‘38 లాటిన్ స్టోరీస్’ అనే చిన్న పుస్తకం తెచ్చారు. వీలాక్ కొంటే దాన్నీ కలిపే కొనండి.

ఓర్బెర్గ్ దారిలో ప్రమాదం దీనికి తలకిందులు. కథ అర్థమవుతూ ఉంటుంది కాబట్టి అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూసి నాలుగు వాక్యాలు రాయమంటే ప్రత్యయాలన్నీ తడబడతాయి. పుస్తకం సగం దాటాక వాక్యాలు ఒక్కసారిగా పొడవైపోయి, మొదట్లో గబగబా పరుగెత్తినవారు అక్కడే ఆగిపోతారు. అందుకని ప్రతి అధ్యాయాన్ని పైకి చదువుతూ మళ్లీ మళ్లీ తిరగేయాలి, ‘పెన్సుమ్’లోని ఖాళీలు తప్పకుండా నింపాలి. జవాబులు మూల పుస్తకంలో లేవు, విడిగా సంపాదించుకోవాలి. వ్యాకరణం ఇంగ్లీషులో వివరంగా కావాలంటే జీన్ న్యూమన్ రాసిన ‘ఎ కంపానియన్ టు ఫమిలియా రోమానా’ ఉంది, అధ్యాయం వెంట అధ్యాయం నడుస్తుంది.

రెండింటిలో నన్ను ఒకటి ఎంచమంటే ఓర్బెర్గ్ అంటాను. జవాబుల విషయంలో వీలాక్ మెరుగని తెలిసీ అంటున్నాను, ఎందుకంటే తర్వాతి వాక్యం అర్థం కాకపోతే ముందు వాక్యంలో తప్పు చదివామని ఓర్బెర్గ్ కథే పట్టిస్తుంది. పైగా ‘రామః రామౌ రామాః’ వల్లించి వచ్చినవారు వీలాక్‌లోని పట్టికలు చూడగానే సొంతింటికి వచ్చినట్టు సంబరపడతారు. చిక్కంతా అక్కడే ఉంది. విభక్తి అంటే ఏమిటో వారికి ముందే తెలుసు, వారికి లేనిది ధారాళంగా చదివే అలవాటు. తెలిసినదాన్నే మళ్లీ వల్లించే పుస్తకం కంటే తెలియనిదాన్ని చేయించే పుస్తకం వారికి మేలు. వీలాక్‌ను ఎవరికి చెబుతానంటే, వారానికి రెండు గంటలకు మించి తీరిక లేనివారికి, ప్రతి నియమం స్పష్టంగా రాసి ఉంటే తప్ప మనసు కుదుటపడనివారికి. పాత ముద్రణ ఒకటి సగం ధరకు దొరికితే ఓర్బెర్గ్ చదివేవారు కూడా వివరణ కోసం పక్కన పెట్టుకోవచ్చు.

పిల్లలకైతే ఈ రెండూ వద్దు. పది పన్నెండేళ్లవారికి ‘కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్స్’ ఇవ్వండి. 1970 నుంచి బ్రిటన్ బడుల్లో నడుస్తున్న కోర్సు ఇది. మొదటి పుస్తకం పాంపే నగరంలో కైకిలియుస్ అనే వ్యక్తి ఇంటి కథ. ఆయన కల్పిత పాత్ర కాదు, నిజంగా అక్కడ ఉన్న వడ్డీ వ్యాపారి. ఆయన లెక్కల మైనపు పలకలు 1875లో తవ్వకాల్లో బయటపడ్డాయి. క్రీస్తుశకం 79లో వెసూవియస్ బద్దలవడంతో ఆ పుస్తకం ముగుస్తుంది, రెండో పుస్తకం అడగకుండా ఏ పిల్లవాడూ ఊరుకోడు. వ్యాకరణం కాస్త పలుచన, పెద్దవారికి అది కొరతగా తోస్తుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటూ పిల్లల బడి చదువుకు తోడుగా ఇంట్లో చెప్పాలనుకునే తెలుగు తల్లిదండ్రులు మాత్రం ఈ పోలికలన్నీ పక్కనపెట్టి బడిలో ఏ పుస్తకం నడుస్తుందో అదే కొనాలి.

డబ్బు అసలు పెట్టలేనివారికి బెంజమిన్ డూగ్ రాసిన ‘లాటిన్ ఫర్ బిగినర్స్’ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల నాటిది, దీర్ఘాలు గుర్తించి ఉంటాయి. వాక్యాల నిండా సైన్యాలు, కోటలు, ఈటెలే, ఎందుకంటే సీజర్ యుద్ధ కథనాలకు సిద్ధం చేయడమే ఆ రోజుల్లో లక్ష్యం.

ఉచ్చారణ విషయంలో మొదటిరోజే ఒక నిర్ణయం తీసుకోండి. పండితులు పునర్నిర్మించిన ప్రాచీన ఉచ్చారణలో సీజర్ ‘కైసర్’, సిసిరో ‘కికెరో’. చర్చి సంప్రదాయంలో ‘చేసర్’, ‘చిచెరో’. కతోలిక పూజాగీతాల కోసం, గాయక బృందం కోసం నేర్చుకునేవారు రెండోది, మిగిలినవారు మొదటిది పట్టుకుంటే మంచిది. ఓర్బెర్గ్ తన పాఠాలను తానే చదివి రికార్డు చేశాడు, అవి మొదటి పద్ధతిలో ఉంటాయి. రెండు పద్ధతుల ఆడియోలు కలగలిపి వినడం మాత్రం వద్దు.

గ్రీకు: పుస్తకం కంటే ముందు ఏ గ్రీకు?

భాషలు నేర్పే డుయోలింగో యాప్‌లో గ్రీకు ఉంది కదా అని మొదలుపెట్టేవారు ఒక్క క్షణం ఆగండి. అది నేటి ఏథెన్స్ వీధుల్లో మాట్లాడే ఆధునిక గ్రీకు. లిపి అదే అయినా ఉచ్చారణ, వ్యాకరణం చాలా మారిపోయాయి. ప్రాచీన గ్రీకులోనూ మూడు వాకిళ్లు ఉన్నాయి. ప్లేటో, నాటకకర్తలు రాసిన అటిక్ గ్రీకు, కొత్త నిబంధన రాసిన కొయినే గ్రీకు, హోమర్ గ్రీకు. అటిక్ వచ్చినవారు కొయినేను పెద్దగా ఆయాసపడకుండా చదువుకోగలరు. కొయినే మాత్రమే నేర్చుకుని ప్లేటో దగ్గరికి వెళితే వాక్యం సగంలోనే ఊపిరాడదు. కాబట్టి సందేహంలో ఉన్నవారు అటిక్ వైపే మొగ్గండి. క్రైస్తవ వేదాంత కళాశాలలో చేరబోతూ పరీక్ష తరుముతున్నవారికి మాత్రం కొయినే పుస్తకమే సరి.

అటిక్‌లో ఇంటి చదువుకు నేను మొదట చెప్పేది ‘రీడింగ్ గ్రీక్’. బ్రిటన్‌లోని ప్రాచీన భాషల ఉపాధ్యాయుల సంఘం 1978లో తెచ్చిన కోర్సు, 2007లో సవరించిన రెండో ముద్రణ వచ్చింది. పాఠాలు ఒక పుస్తకంలో, వ్యాకరణం, అభ్యాసాలు మరో పుస్తకంలో ఉంటాయి. దీన్ని ముందుకు నెట్టేది మూడో పుస్తకం. ‘ఇండిపెండెంట్ స్టడీ గైడ్’ పేరుతో ఒంటరిగా చదువుకునేవారి కోసమే వేసిన ఆ పుస్తకంలో పాఠాల అనువాదాలు, అభ్యాసాల జవాబులు ఉన్నాయి. మూడూ కొనాలి కాబట్టి ఖర్చు ఎక్కువే. కొనేటప్పుడు మూడూ ఒకే ముద్రణవా అని చూసుకోండి, పాత పాఠానికి కొత్త గైడు అతకదు.

కథ రుచి విషయంలో మాత్రం ‘అథెనాజే’ దీనికంటే మిన్న. మారిస్ బాల్మ్, గిల్బర్ట్ లాల్ రాసిన ఈ పుస్తకంలో డికయోపొలిస్ అనే రైతు ఎద్దులను తోలుకుంటూ, సోమరి బానిసను తిట్టుకుంటూ మొదలవుతాడు. పెలొపొనీసియన్ యుద్ధం ముంచుకొస్తున్న రోజులు. పొలం, పండుగ, ఓడ ప్రయాణం, మధ్యలో పురాణ కథలు. ఇటలీలోని వివారియుమ్ నోవుమ్ అకాడమీ ఇదే పుస్తకాన్ని పఠన భాగం బాగా పెంచి, మార్జిన్‌లో గ్రీకు వివరణలు చేర్చి, ఓర్బెర్గ్ పద్ధతికి దగ్గరగా తెచ్చింది. అందులో వ్యాకరణ వివరణ ఇటాలియన్‌లో ఉంటుంది. ఇంగ్లీషు ప్రతిని వ్యాకరణానికి, ఇటలీ ప్రతిని చదవడానికి వాడుకునేవారు చాలామంది ఉన్నారు. డబ్బు, ఓపిక రెండూ ఉంటే ఇంతకు మించిన జోడీ లేదు.

సంస్కృత వ్యాకరణం ఇష్టంగా చదివినవారికి, భాషాశాస్త్రంలో ఆసక్తి ఉన్నవారికి డొనాల్డ్ మాస్ట్రొనార్డ్ ‘ఇంట్రడక్షన్ టు అటిక్ గ్రీక్’ నచ్చుతుంది. 1993లో వచ్చింది, 2013లో సవరించారు. ప్రతి నియమం ఎందుకలా ఉందో దాటవేయకుండా చెబుతాడు. ఉచ్చారణకు, స్వర చిహ్నాలకు, క్రియారూపాల సాధనకు ఆయనే తయారుచేసిన ఉచిత వెబ్‌సైటు ఉంది. మరే పుస్తకం కొన్నా ఆ వెబ్‌సైటు వాడుకోండి. రాసిన రూపం తప్పో ఒప్పో అప్పటికప్పుడు చెప్పే ఉచిత సాధనాలు గ్రీకుకు ఎక్కువ లేవు. హాన్సెన్, క్విన్ కలిసి రాసిన ‘గ్రీక్: యాన్ ఇంటెన్సివ్ కోర్స్’ను కూడా చాలామంది పొగుడుతారు. క్రియను అంత క్షుణ్ణంగా నేర్పే పుస్తకం అరుదే. కానీ అది రోజంతా తరగతి నడిచే వేసవి కోర్సు కోసం పుట్టింది, ఒంటరిగా దానితో కుస్తీ పట్టమని నేను ఎవరికీ చెప్పను.

కొయినేకు గ్రెషమ్ మేచెన్ 1923లో రాసిన చిన్న పుస్తకం ఇప్పటికీ నడుస్తోంది. పొందికైన పాఠాలు, అనవసరమైన మాట ఉండదు, హాస్యమూ ఉండదు. విలియమ్ మౌన్స్ ‘బేసిక్స్ ఆఫ్ బిబ్లికల్ గ్రీక్’ దానికంటే విస్తారం, అభ్యాస పుస్తకం, వీడియో పాఠాలు తోడుగా ఉన్నాయి. ఉదాహరణలు నేరుగా కొత్త నిబంధన నుంచి తీసుకున్నవే. తెలుగు బైబిలు కంఠోపాఠంగా వచ్చినవారు ఒక జాగ్రత్త పడాలి. వచనం ముందే తెలిసి ఉండటంతో గ్రీకు చదవకుండానే అర్థం చెప్పేస్తారు. అందుకని అంతగా పరిచయం లేని భాగాలతో తమను తాము పరీక్షించుకోవాలి.

హోమర్ కోసమే గ్రీకు నేర్చుకునేవారికి క్లైడ్ ఫార్ 1920లో రాసిన ‘హోమరిక్ గ్రీక్’ ఉంది. ‘ఇలియడ్’ మొదటి సర్గ ఆధారంగా నడుస్తుంది, అటిక్ జోలికి ముందు వెళ్లదు. పట్టుదల ఉన్నవారికే.

నిఘంటువులు, యాప్‌లు, మిగతా సరంజామా

నిఘంటువు మీద మొదటి ఏడాది రూపాయి కూడా పెట్టకండి. పాఠ్యపుస్తకం చివరి పదపట్టిక చాలు. ఆ తర్వాత షికాగో విశ్వవిద్యాలయంవారి ‘లోగియన్’ ఉచితం. 1879 నాటి లూయిస్, షార్ట్ లాటిన్ నిఘంటువు, లిడెల్, స్కాట్ గ్రీకు నిఘంటువు అందులో ఒకేచోట దొరుకుతాయి. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంవారి ‘పెర్సియస్’లో ఏ మాట మీద నొక్కినా అది ఏ విభక్తి, ఏ కాలమో చూపిస్తుంది. ఎంత ఉపకారమో అంత అపకారం. ప్రతి మాటా నొక్కి చూసే వేలు అలవాటైతే కన్ను పనిచేయడం మానేస్తుంది. వాక్యం రెండుసార్లు చదివి, మీ ఊహ పెన్సిల్‌తో రాసుకున్నాకే నొక్కండి. 2021లో వచ్చిన రెండు సంపుటాల ‘కేంబ్రిడ్జ్ గ్రీక్ లెక్సికన్’ వివరణలు నేటి ఇంగ్లీషులో హాయిగా ఉంటాయి, కానీ అది రెండో మూడో ఏడాది కొనుక్కునే వస్తువు.

వ్యాకరణ సంప్రదింపుకు లాటిన్‌కు ఆలెన్, గ్రీనో, గ్రీకుకు స్మైత్ ఉన్నాయి. రెండూ పాతవే, ఇంటర్నెట్‌లో ఉచితమే. వరసగా చదివేవి కావు, సందేహం వచ్చినప్పుడు తెరిచేవి.

డుయోలింగో లాటిన్ కోర్సు 2019లో వచ్చింది, చాలా చిన్నది. బస్సులో కాలక్షేపానికి సరదాగానే ఉంటుంది, దానితో లాటిన్ వస్తుందనుకోవద్దు. పదాలు గుర్తుంచుకోవడానికి, ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉన్న కార్డులను మళ్లీ మళ్లీ చూపించే ‘యాంకీ’ యాప్ నిజంగా పనికొస్తుంది. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితం, ఐఫోనులో డబ్బు కట్టాలి. ఎవరో తయారుచేసిన వేల కార్డులు దించుకోకుండా, ఈ వారం పాఠంలో మీరు చదివిన వాక్యాలతోనే కార్డులు చేసుకోండి. విడి మాట కంటే చిన్న వాక్యం మేలు.

కృత్రిమ మేధ చాట్‌బాట్‌ను ఇక్కడ విభక్తి ఎందుకు మారింది అని అడిగితే చాలాసార్లు సరైన జవాబే చెబుతుంది. అచ్చుల దీర్ఘాలు, గ్రీకు స్వర చిహ్నాల దగ్గర మాత్రం తడబడే అవకాశం ఉంది, తడబడినప్పుడు కూడా అదే ధీమాతో చెబుతుంది. వివరణ అడగండి, రూపాన్ని మాత్రం పుస్తకంలో సరిచూసుకోండి. నెలకు ఒకటి రెండు గంటలు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే ఉపాధ్యాయుడు దొరికితే మూడో పుస్తకం కొనే డబ్బు అక్కడ పెట్టడం ఉత్తమం. నెల రోజుల అభ్యాసాల్లో తేలని సందేహాలన్నీ దాచి ఒకేసారి అడగవచ్చు.

గ్రీకు టైపు చేయాలంటే కంప్యూటర్‌లో ‘పాలిటోనిక్’ కీబోర్డు ఎంచుకోవాలి, మామూలు గ్రీకు కీబోర్డులో ప్రాచీన స్వర చిహ్నాలన్నీ ఉండవు. మొదటి ఆరు నెలలు మాత్రం చేత్తోనే రాయండి, అక్షరాలు త్వరగా పట్టుబడతాయి.

విదేశీ ముద్రణ కావడంతో ఈ పుస్తకాల ధరలు మన పాఠ్యపుస్తకాల ధరల్లా ఉండవు. ప్రధాన పుస్తకం ఒక్కటి కాగితం మీద కొనండి, మిగతావన్నీ తెర మీద చూసుకోండి. ఫోను నిండా పాతిక పీడీఎఫ్‌లు దించుకుని ఒక్కదానిలోనూ అయిదో అధ్యాయం దాటనివారు ఈ రంగంలో లెక్కకు మించి ఉన్నారు.

మొదటి పుస్తకం ముగిశాక ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు ఉండే లోబ్ గ్రంథమాల మీదికి మనసు పోతుంది. జేమ్స్ లోబ్ 1911లో స్థాపించిన ఈ మాలలో గ్రీకుకు ఆకుపచ్చ అట్ట, లాటిన్‌కు ఎరుపు అట్ట. అందంగా ఉంటాయి, చేతికి ఇమిడిపోతాయి. కానీ చదవడం ఇంకా కుదురుకోనివారి కన్ను తెలియకుండానే కుడి పేజీకి జారిపోతుంది. అంతకుముందు ఒక ఏడాది జెఫ్రీ స్టెడ్‌మన్ తయారుచేసిన ప్రతులు వాడండి. మూలంతో పాటే ఆ పేజీకి కావలసిన పదాల అర్థాలు, వ్యాకరణ వ్యాఖ్యలు ఉంటాయి, పూర్తి అనువాదం ఉండదు. పీడీఎఫ్‌లు ఆయనే ఉచితంగా ఇస్తున్నాడు. లాటిన్‌వారు అందులో సీజర్‌తో, గ్రీకువారు ప్లేటో చిన్న సంభాషణల్లో ఒకదానితో మొదలుపెట్టవచ్చు.